అడవి నడక, అడవి కథ: సిరొంచ సీమలో బాలుర ప్రకృతి విద్యపై ఒక పరిశీలన

బాలురకు ప్రకృతియందు ప్రీతి కలిగింపవలెనను మాట విద్యావేత్తలు చాలకాలముగా చెప్పుచున్నదే. రవీంద్రనాథ టాగూరు 1901లో శాంతినికేతనమున చెట్లనీడ బడి పెట్టెను; 1928లో అచ్చట వృక్షారోపణోత్సవమును ఆరంభించెను. 1950లో దేశమంతట వనమహోత్సవము మొదలయ్యెను. 1991లో సర్వోన్నత న్యాయస్థానము పర్యావరణ విద్యను తప్పనిసరి పాఠ్యవిషయముగా చేయవలెనని ఆదేశించెను. ఇన్ని జరిగినను, అడవి ఒడ్డున పుట్టిన పిల్లవాడే అడవి నెఱుగక పెరుగుట నేటికిని కనబడుచున్నది. ఇందుకు మందుగా, పిల్లలను అడవిలో నడిపించి, నడకలో కథలు చెప్పు పద్ధతి ఇటీవల పలుచోట్ల వ్యాప్తిలోనికి వచ్చినది. పద్ధతి మంచిదే. అయితే ఆ కథ ఎవరిది, ఎవరి నోట వినవలసినది, ఏ చెట్టుక్రింద చెప్పవలసినది అను ప్రశ్నలకు సరియైన సమాధానము లేనిచో అది విహారయాత్రగానే ముగియును. ఈ ప్రశ్నలను విచారించుటకు సిరొంచ సీమ తగిన తావు.

సీమ స్వభావము

సిరొంచ మహారాష్ట్రమున గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొనను, ప్రాణహిత గట్టున నున్నది. కొంచెము దిగువను ప్రాణహిత గోదావరిలో కలియును. ఆవలి గట్టు కాళేశ్వర క్షేత్రము. 1860లో నిజాము ఈ ఎడమగట్టు భూములను ఆంగ్లేయుల కప్పగించెను. వారు ఎగువ గోదావరి జిల్లా నేర్పరచి సిరొంచను దానికి ముఖ్యస్థానము చేసిరి. 1874లో ఆ జిల్లా రద్దయి ఈ సీమ చాందా జిల్లాలో చేరెను. 1956లో బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు చెందెను. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడెను. ఏలుబడి ఇన్నిమార్లు మారినను ఇంటిలోని తెలుగు మారలేదు. అంకీసా, ఆసరెల్లి, పోచంపల్లి, రేగుంట మొదలగు ఊళ్ళ పేర్లు వినినంతనే ఇది ఎవరు నివసించిన నేలయో తెలియును. రేగుంటలో రేగు చెట్టును, గుంటయు వినబడుచున్నవి. భామ్రాగఢ్ చెంత ఇంద్రావతితో కలియు ఏటికి పాముల గౌతమి యని పేరు. ఇంట తెలుగు, కచేరిలో మరాఠీ, అడవిలో గోండీ, మాడియా: ఇది ఇచ్చటి పిల్లవాని భాషాస్థితి.

అడవి సంపదకు కొదువ లేదు. ఆలపల్లి టేకు చిరకాలముగా ప్రసిద్ధము. అచ్చట పూర్వమునుండి గొడ్డలి తగులకుండ కాపాడిన ఒక అడవి ఖండమును 2014లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. సిరొంచ అటవీ విభాగములోని కొలామార్కలో అడవి యెనుములు నేటికిని కలవు. 2013లో ఆ తావు సంరక్షణ ప్రాంతమయ్యెను. కాని 1980 మొదలు నాలుగు దశాబ్దములకు పైగా సాయుధ సంఘర్షణ ఈ అడవులను భయస్థానములు చేసినది. ‘అడవి దిక్కు పోకుము’ అను మాట వినుచు రెండు తరములు పెరిగినవి. ఈ నడుమ అడవికి పోని పిల్లలు తాము తండ్రులైరి. వారి పిల్లలకు అడవిని గూర్చి చెప్పగలవారు ఇక తాతలే. ఈ విషయమున ఆలస్యము పనికిరాదనుటకు కారణ మిదియే. పుస్తకమైన మరల అచ్చు వేయవచ్చును. తాత నోటిమాటకు మరల అచ్చు లేదు.

బూరుగు చెట్టు ఎచ్చట నున్నది?

తెలుగు బాలునకు అడవి కథ యనగా మొదట తట్టునది పంచతంత్ర సంప్రదాయము. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక దానికి తెలుగు రూపము. అందు మిత్రలాభ కథ గోదావరీ తీరమునందలి ఒక పెద్ద బూరుగు చెట్టుకడ ప్రారంభమగును. అందు పక్షులు రాత్రులు వసించుట, వేకువను వేటకాడు వచ్చి నూకలు చల్లి వల పన్నుట, లఘుపతనకమను కాకి చూచుట, చిత్రగ్రీవుని పరివారమగు పావురములు చిక్కుట ఎల్లరు ఎఱిగినవే. తరతరముల తెలుగు విద్యార్థులు ఈ ఘట్టమును కంఠస్థము చేసిరి.

ఇందు విమర్శింపదగిన దొకటి కలదు. ఈ కథను చెప్పునప్పుడు ఉపాధ్యాయుడు మైత్రిని గూర్చి ప్రశ్నించును, ఐకమత్యమును గూర్చి ప్రశ్నించును. బూరుగును గూర్చి ప్రశ్నింపడు. పిల్లవానికి చెట్టు పేరు వచ్చును, చెట్టు రాదు. సిరొంచ బాలుని ఊరు ఆ గోదావరి తీరమే. వాని ఊరి వెలుపల బూరుగు నిలిచియుండును. మాఘ ఫాల్గుణములలో అది ఆకు రాల్చి మొద్దువలె నుండి, ఆ మొద్దునిండ ఎఱ్ఱని దళసరి పూవులు పూయును. ఆ పూదేనెకై కాకులు, గోరువంకలు, చిలుకలు గుంపులు గుంపులుగా మూగును. లేత చెట్టు బోదెకు ముళ్ళుండును. ఎండలు ముదిరినపుడు కాయలు పగిలి దూది గాలికి లేచును. ఆ చెట్టుక్రింద నిలిచి చూచిన బాలునకు, కథకుడు పక్షుల సభకు మఱియొక చెట్టును గాక బూరుగునే ఏల యెన్నుకొనెనో ఊహకు అందును. పక్షులు చేరుచోట వేటకాడు వల పన్నుట సహజము. కథలోని నీతి నిలిచినది ఈ సత్యము మీదనే.

కావున నీతిచంద్రిక పాతబడినదనియు, ప్రకృతి విద్యకు అక్కరకు రాదనియు వాదించుట సరికాదు. అందలి జంతువులు మానవ స్వభావములకు వేసిన వేషములే యనుట నిజము. నక్క జిత్తులమారి, కాకి మిత్రుడు, పులి ధూర్తుడు. ఈ వేషము చూచి అడవి జంతువు నెఱిగితినని తలంచుట ప్రమాదమే. అయినను వేషమునకు వెనుక నున్న చెట్టు, ఏఱు, వల, నూకలు నిజమైనవి. కథను దాని చెట్టుక్రిందికి మరల తీసికొనిపోవుటయే ఉపాధ్యాయుడు చేయవలసిన పని.

చూడని అడవి, చూచిన అడవి

ఈ విషయమున లోకప్రసిద్ధమైన మరియొక గ్రంథమును పరిశీలింపవలెను. రడ్యార్డ్ కిప్లింగ్ 1894లోను 1895లోను ప్రకటించిన రెండు జంగిల్ బుక్కులు ప్రపంచమున అనేక భాషల బాలురకు అడవి యనగా నేమో చెప్పినవి. అందలి మౌగ్లీ తిరిగినది సివనీ కొండలు, వైనగంగ లోయ. వైనగంగ సివనీ జిల్లాలో పుట్టి, వర్ధానదితో కలిసి ప్రాణహిత యగును. అనగా మౌగ్లీ రేచుకుక్కలను కొండతేనెటీగల వాత బడవైచిన ఏటి నీరే సిరొంచ ముంగిట పారుచున్నది. ఈ విషయము సిరొంచ బాలునకు చెప్పువారు అరుదు.

కిప్లింగ్ ఈ కథలలో పెక్కింటిని అమెరికాలోని వెర్మాంటులో కూర్చుండి వ్రాసెను. సివనీ అడవులను అతడు ఇతరుల పుస్తకములనుండి గ్రహించెను. వానిలో స్టెర్న్‌డేల్ 1877లో వెలువరించిన సివనీ గ్రంథము ముఖ్యము. అయినను ఆ కథలలోనే, చూడక చెప్పు కథపై తీవ్రమైన విమర్శ యొకటి కలదు. ఊరి రచ్చబండ కడ బల్దేవు అను వేటగాడు, కుంటిపులిలో చచ్చిన వడ్డీవ్యాపారి దయ్యము దూరినదనియు, ఆ వ్యాపారి కుంటివాడు గనుక పులియు కుంటుచున్నదనియు చెప్పును. పెద్దలందరు తల లూపుదురు. మౌగ్లీ మాత్రము నవ్వి, ఆ పులి పుట్టుకతోనే కుంటిదని చెప్పును. ఇంటి వాకిటనున్న అడవిని గూర్చి వేటగాడు ఒక్క నిజమైనను చెప్పలేదని ఆ బాలుని ఆక్షేపణ. నేడు అడవి నడక పేరిట చెప్పబడు కథలకు ఈ ఆక్షేపణను ఒరగల్లుగా పెట్టవచ్చును. పిల్లలను భయపెట్టుటకో నవ్వించుటకో అల్లిన పులి కథ యెంత రంజకమైనను అది బల్దేవు కథయే.

అదే గ్రంథమున మరియొక లోపమును చూడవలెను. అడవి ధర్మమును చెప్పుటకు కిప్లింగ్ ఎలుగుబంటిని, నల్లచిరుతను, కొండచిలువను నియమించెను. ఆ అడవిలో తరతరములుగా నున్న గోండులకు మాత్రము దాదాపు నోరే యీయలేదు. ఊరిని అడవి మ్రింగు ఘట్టమున గోండు పెద్ద యొకడు వచ్చి, గుడి వాకిట కాకర తీగను అల్లి, మరల అడవిలోనికి పోవును. అతనికి అన్నియు తెలియునని కథకుడు గ్రహించెను గాని, తెలిసినదానిని అతని నోట చెప్పింపలేదు. అడవి నడకలు నడపు విద్యావంతులు పెక్కుమంది చేయుచున్నదియు ఇదియే. దారి చూపుటకు ఒక గోండును పిలుతురు. కథ మాత్రము తామే చెప్పుదురు.

‘వనవాసి’ చూపిన హెచ్చరిక

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీలో రచించి 1939లో గ్రంథముగా వెలువరించిన ‘ఆరణ్యక్’ను సూరంపూడి సీతారాం ‘వనవాసి’ యను పేర తెలుగు చేసిరి. తెలుగు పాఠకుల యాదరము పొందిన అనువాదములలో ఇది యొకటి. కథానాయకుడగు సత్యచరణుడు పట్టణవాసి. పొట్టకూటికై అడవి ఎస్టేటు నిర్వాహకుడుగా వచ్చును. మొదట అడవి యనిన విసుగు, పిదప మోహము. అయితే అతని యుద్యోగమే ఆ అడవిని నరికించి కౌలున కిచ్చుట. తాను ప్రేమించినదానిని తన చేతనే లేకుండ చేసి, తుదకు దుఃఖించును.

ఇందు అడవి యెనుముల దేవత కథ యొకటి కలదు. మందలు వేటగాండ్రు త్రవ్విన గోతుల దరికి వచ్చునపుడు ఆ దేవత చేయెత్తి వానిని నిలుపునని అడవిజనుల నమ్మకము. సత్యచరణునకు ఇది వినసొంపైన విషయము. అడవివారికి అది ఎనుములతో తమకుగల ఒడంబడిక. కొలామార్క చెంత నున్న బాలునకు ఈ కథ చెప్పుట యెంతో తగును. ఐతే అది చెప్పిన పిమ్మట, మన దిక్కున ఎనుములను గూర్చి మీ పెద్ద లేమనుచున్నారని మాడియా బాలుని అడుగుట అంతకంటె తగును. తెచ్చిన కథ ఇచ్చటి కథను మేలుకొలుపవలెను గాని దాని నోరు మూయరాదు.

‘వనవాసి’ యొక్క అసలు హెచ్చరిక వేఱు. అడవిపై ప్రేమ యొకటి, అడవిపై హక్కు మరియొకటి. ప్రేమ మాత్రమే కల సత్యచరణుడు అడవిని కాపాడలేకపోయెను. గడ్చిరోలి జిల్లాలోనే ధానోరా తాలూకాలోని మేండా లేఖా గ్రామము, 2006 నాటి అటవీ హక్కుల చట్టము ననుసరించి 2009లో సామూహిక అటవీ హక్కును పొందెను. 2011లో తన వెదురును తానే అమ్ముకొను అధికారమును సాధించెను. దేశమున ఈ విషయమున ముందు నడిచిన గ్రామ మిది. అట్టి గ్రామమున బాలుడు అడవిలో నడచుట తన పెరటిలో నడచుట వంటిది. ఏ వెదురు ఎప్పుడు కొట్టవలెనో, ఏది విడువవలెనో గ్రామసభలో వినిన బాలునకు పర్యావరణమును గూర్చి వేఱుగ ఉపన్యసింపనక్కరలేదు. హక్కుల ప్రసంగమే లేని ప్రకృతి ప్రేమ, అతిథి ఇంటి తోటను మెచ్చుకొనుట వంటిది.

పేర్లలోని చుట్టరికము

ఈ సీమలో అడవి నడక తెలుగు పాఠమునకును ఉపకరించును. ఇప్పను మరాఠీలో మోహ అందురు. అది సంస్కృత మధూకము నుండి వచ్చినది. గోండులు దానిని ఇరుప్ అందురు. తెలుగు ఇప్పకును గోండీ ఇరుప్‌నకును గల పోలిక చెవికే తెలియును. టేకు మరాఠీలో సాగ, గోండీలో తేక. తునికి బీడీ యాకు బేరమున తేందూ యని పిలువబడును, గోండీలో తుమ్రి. తెలుగును గోండీయు ద్రావిడ కుటుంబమున ఒకే ఉపశాఖకు చెందినవని భద్రిరాజు కృష్ణమూర్తిగారు స్థాపించిరి. ఈ శాస్త్ర సత్యమును నల్లబల్లపై వ్రాసి చెప్పిన బాలుడు మఱచును. మూడు చెట్ల క్రింద మూడు మాటలు విని, ‘వీరు మనవారే’ యని తానై కనుగొనినచో మఱవడు. తెలుగు ఇండ్ల పిల్లలు మాడియా పిల్లలను అడవివారని చులకన చేయు దురలవాటునకు ఇంతకుమించిన విరుగుడు లేదు.

మాటల విషయమున మరాఠీ రచయిత మారుతి చితంపల్లి చేసిన కృషి స్మరణీయము. 1932లో సోలాపురమున జన్మించిన వీరి ఇంటిపేరే తెలుగుతనమును చాటుచున్నది. మహారాష్ట్ర అటవీశాఖలో ఉద్యోగించి, విదర్భ అడవులలో తిరిగి, అడవిజనుల వలన విని నేర్చినదానిని ‘రానవాటా’, ‘రాతవా’ మొదలగు గ్రంథములుగా మరాఠీ పాఠకుల కిచ్చిరి. కాకులు గుమిగూడి గూళ్ళు కట్టు తావునకు కాకాగారమనియు, కొంగల తావునకు సారంగాగారమనియు మాటలు కూర్చిరి. 2025లో పద్మశ్రీ గౌరవము నందుకొని ఆ యేటి జూనులో దివంగతులైరి. ఆయన పద్ధతిలో గ్రహింపవలసిన దేమనగా: మొదట నడిచిరి, పిదప వినిరి, ఆ పిదపనే వ్రాసిరి. ఈ క్రమము తలక్రిందులైనచో కథ బల్దేవు రచ్చబండకే చేరును.

అడవివారి కథను వారి భాషలోనే పాఠముగా చేయు ప్రయత్నము ఈ దాపున పూర్వము జరుగకపోలేదు. ప్రాణహితకు పడమట, నాటి ఆదిలాబాదు జిల్లాలోని మార్లవాయిలో, హైమెండార్ఫ్ సూచనపై 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము నెలకొల్పిరి. నాగరలిపిలో గోండీ వాచకములు సిద్ధము చేసిరి. కీక్రీ వాయించుచు వంశకథలు చెప్పు ప్రధానుల విద్య గోండుల చరిత్రకు ఆధారమని గుర్తించినవారు నడపిన పని యది. తరువాతి కాలమున ఆ పాఠశాలలలో గోండీ నిలువలేదు; తెలుగు దాని స్థానము నాక్రమించెను. మహారాష్ట్రమున అల్పసంఖ్యాక భాషగా తన తెలుగునకు నీడ కోరు సిరొంచ ఉపాధ్యాయుడు, ఆవలి గట్టున అధికసంఖ్యాక భాషయైనపుడు తెలుగు గోండీకి చేసినదానిని మఱవరాదు. న్యాయము రెండు గట్లకును ఒక్కటియే.

నేలక్రింది అడవి

సిరొంచలో నడక మరియొక అడవిని చూపగలదు. ప్రాణహిత గట్టునగల కోట గ్రామపు రాళ్ళలో చేపల శిలాజములు దొరకగా, 1851లో ఎగర్టన్ వానిని వర్ణించెను. ఈ సీమ రాళ్ళను పరిశీలించిన స్టీఫెన్ హిస్లాప్ అను మతబోధకుడే గోండుల లింగో గాథను వ్రాయించి ఉంచెను. అది అతని మరణానంతరము 1866లో అచ్చయ్యెను. రాతిని, పాటను ఒక్కడే సేకరించుట గమనింపదగినది. తరువాత 1958 మొదలు పోచంపల్లి చెంత కలకత్తా భారత గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు ఒక మహాజంతువు ఎముకలను, శిలలుగా మారిన పెద్ద చెట్ల బోదెలతోపాటు కనుగొనిరి. ఎముకలు దాదాపు మూడు వందలు. కనీసము ఆరు జంతువులవి. తొడయెముక యొక్కటియే సుమారు 1.7 మీటర్లు. 1975లో దానికి బరపాసారస్ టాగోరై యని పేరిడిరి. ‘బడ పా’ యనగా బెంగాలీలో పెద్ద కాలు. రెండవ మాట రవీంద్రుని స్మరణ. కాలము సుమారు 18 కోట్ల యేండ్లకు పూర్వము.

చెట్లనీడ బడి పెట్టిన కవి పేరు, సిరొంచ మట్టిలో పడియున్న జంతువునకు చేరినది. అస్థిపంజరము కలకత్తాలో నిలిచినది. వడధం శిలాజవనమున రాతి చెట్లు ఇచ్చటనే కలవు. పిల్లవాడు రాతి బోదెపై చేయి వేసి, ఆ చేతితోనే ప్రక్కనున్న టేకు బోదెను తాకినచో, అడవి యనునది పుట్టి, పెరిగి, పోయి, మరల వచ్చునదని తెలిసికొనును. ఇచ్చట కల్పనతో పనిలేదు. నిజమే కథవలె నున్నది.

నిర్ణయము

పై పరిశీలన వలన తేలిన విషయములను సంగ్రహింపవచ్చును. కథ లేని నడక పేర్ల పట్టికగా ముగియును. నడక లేని కథ కట్టుకథగా మిగులును. రెండును కూడినను, అడవిజనుని నోరు మూసినచో అది అసంపూర్ణము. కావున ఈ సీమలోని అడవి నడకకు కథకుడు ముందుగా ఆ యూరి పెద్ద కావలెను. అతనికి ఉపాధ్యాయునకు ఇచ్చు గౌరవమును, కూలి పోయిన దినమునకు తగిన ప్రతిఫలమును ఈయవలెను. అతడు మాడియాలో చెప్పగా మాడియా బాలుడే తెలుగులోను మరాఠీలోను వివరింపవలెను. అప్పుడు తరగతిలో వెనుక కూర్చుండు బాలుడు ముందు నడచును. తెలుగు పిల్లలు ఊ కొట్టవలెను. ఊ కొట్టువాడు లేనిదే తెలుగు కథ సాగదు.

కాలమును గమనింపవలెను. ఇప్పపువ్వు వేకువకు ముందే రాలును. దానికై ఎలుగుబంట్లును వచ్చును. కావున ప్రొద్దు పొడిచి, ఏరుకొనువారు చేరిన పిదపనే పిల్లలను తీసికొనిపోవలెను. పులులు తిరుగు తావులకును, 2021లో ఛత్తీస్‌గఢ్ నుండి జిల్లాలోనికి వచ్చిన ఏనుగుల దారికిని పోరాదు. ఊరివారు వలదన్నచోట నిలుచుట యే పాఠమునకును తీసిపోని పాఠము. నడక ముగిసిన పిమ్మట వ్యాసము వ్రాయించి మార్కులు వేయు ఆతురతను మానవలెను. పరీక్ష వాసన తగిలినచో అడవియు మరియొక పుస్తకమగును.

ఆర్థిక లాభము లేని ఈ విద్య యెందులకని తల్లిదండ్రు లడుగుట సహజము. ఉద్యోగమునకై పిల్లలు నాగపురమునకో హైదరాబాదునకో పోవలసియుండగా, బూరుగు తెలిసిన నేమి, తెలియకున్న నేమి యనవచ్చును. దీనికి సమాధానము స్పష్టము. ఊరు విడిచి పోవువాడు వెంట తీసికొనిపోగలిగినవి భాషయు, కథయు మాత్రమే. వాని తెలుగులోని ఇప్ప, తునికి, రేల, మోదుగు అను మాటలకు వెనుక చెట్లు నిలిచియున్నచో ఆ తెలుగు ఎచ్చటనైనను బ్రతుకును. చెట్లు లేని మాటలు నిఘంటువునకు చేరును. కథ కంచికి పోవుట తెలుగునాట ఆచారమే. అంతకుముందు అది ఒకమారు సిరొంచ అడవిలో నడచిపోవలెను.